చుక్కలు కనిపించే పందిరి

యూదుల పండగలంటే జెరూసలేంలోనో న్యూయార్క్‌లోనో జరిగేవనుకుంటాం. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన ఓ పల్లెలో వాటిని తెలుగులో చేసుకునేవాళ్లున్నారు. వాళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు. కొత్తబట్టలు, పిండివంటలు, పిల్లలతో షికార్లు... అన్నీ మనకు తెలిసినవే. తెలియనిదల్లా ఒక నియమం: పండగపూట పేదవాడు కూడా మరో పేదవాడికి ఇవ్వాలి!

పలాస నుంచి విశాఖ వైపు పాసింజరు బండిలో వస్తుంటే నౌపడా, కోటబొమ్మాళి దాటాక ఓ చిన్న స్టేషను వస్తుంది. పేరు హరిశ్చంద్రపురం. ఆ బోర్డు చదివిన ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆడిన మాట కోసం రాజ్యాన్ని ధారపోసి, ఆలుబిడ్డల్ని అమ్ముకుని, చివరికి కాటికాపరిగా నిలబడ్డ రాజే. దానం అన్న మాటకు మనవాళ్లు చెప్పుకునే మొదటి పేరు అదే.

ఈ చుట్టుపక్కల పండగ వాతావరణం చూడాలంటే సంక్రాంతికి రావాలి. బతుకుతెరువు కోసం హైదరాబాదు, చెన్నై వెళ్లినవాళ్లంతా సంచులు పట్టుకుని ఈ స్టేషన్లలోనే దిగుతారు. సంచిలో పిల్లలకు కొత్తబట్టలు, అమ్మకు చీర ఉంటాయి. వాకిట్లోకి వచ్చిన హరిదాసుకు గుప్పెడు బియ్యం పోస్తారు. కనుమ వెళ్లాక పిల్లల్ని తీసుకుని బారువ తీరానికో, భావనపాడుకో ప్రయాణం కడతారు. కార్తీకం వస్తే తోటల్లో వనభోజనాలు. ఆచారం, కానుక, దానం, షికారు... ఏ పండగైనా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

ఇవే నాలుగింటిని పట్టుకుని, వేరే క్యాలెండరు ప్రకారం పండగ చేసుకునే తెలుగువాళ్లను చూడాలంటే పలాసలో రాత్రి రైలెక్కి గుంటూరులో దిగాలి.

బ్రహ్మ గుడి దాటితే...

గుంటూరు నుంచి పొన్నూరు రోడ్డులో చేబ్రోలు సుమారు పదిహేను కిలోమీటర్లు. ఆ ఊరికి పెద్ద పేరే ఉంది. కోనేరు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ ఆలయం, దాన్ని కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడి కథలు, పాత శివాలయాలు చూడటానికి జనం వస్తూనే ఉంటారు. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడున్న చిన్న ప్రార్థన మందిరం గురించి మాత్రం జిల్లాలోనే చాలామందికి తెలియదు. ఆరు కోణాల డేవిడ్ నక్షత్రం, హీబ్రూ అక్షరాలు ఉన్న ఆ మందిరం పేరు బెనె యాకోబ్ సినగాగ్.

ఇక్కడి యూదులు తమను 'బెనె ఎఫ్రాయిం' అని చెప్పుకుంటారు. ఎఫ్రాయిం సంతానం అని అర్థం. బైబిల్లో యోసేపు చిన్నకొడుకు ఎఫ్రాయిం. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో అస్సీరియన్లు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చేశాక చెల్లాచెదురై కనిపించకుండా పోయిన గోత్రాల్లో తమదీ ఒకటని, దేశాలు దాటుకుంటూ తెలుగునేలకు చేరామని వీళ్ల నమ్మకం. చరిత్రకారులకు దీనికి తగిన ఆధారాలు దొరకలేదు. కళ్ల ముందున్న చరిత్ర మాత్రం ఇది... మాదిగ కులంలో పుట్టి, క్రైస్తవంలో ఉన్న కొన్ని పదుల కుటుంబాలు 1980ల చివర, 1990ల మొదట్లో యూదు ఆచారంలోకి మళ్లాయి. ముందు నడిచింది షమూయేల్ యాకోబీ, సాదోక్ యాకోబీ అనే అన్నదమ్ములు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. కులాను అనే అమెరికా సంస్థ చేయూతనిచ్చింది. విదేశాల నుంచి చాలామంది వచ్చి చూసి వెళ్లారు.

వీళ్ల పెద్దలు మనదేశంలో అందరిలాగే ఊరి పండగలు చూశారు. అయితే చూసిన చోటు వేరు. ఊరి జాతరకు డప్పు మాదిగవాడలోంచే రావాలి. డప్పు మోగకపోతే అమ్మవారి ఊరేగింపు కదలదు. భోజనాల దగ్గరికి వచ్చేసరికి ఆ డప్పు కొట్టినవాడే ఆఖరివాడు. మిగిలింది పెడితే తినాలి. పండగలో పని ఉంది కానీ పంక్తిలో చోటు లేదు. అలాంటి ఇళ్లలో ఇప్పుడు సొంత పండగ జరుగుతోందంటే, అది క్యాలెండర్లో కొత్త తేదీ చేరినంత చిన్న విషయం కాదు.

వాళ్లకూ ఉంది అధికమాసం

యూదుల పంచాంగం మన పంచాంగానికి దూరపు చుట్టం లాంటిది. నెలలు చంద్రుణ్ని బట్టి, రుతువులు సూర్యుణ్ని బట్టి. రెండింటికీ పొత్తు కుదరడానికి మనలాగే వాళ్లూ అధికమాసం కలుపుతారు. పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు. రోజు మొదలయ్యేది పొద్దున కాదు, సూర్యాస్తమయంతో. అందుకే శనివారపు విశ్రాంతి శుక్రవారం సాయంత్రం దీపం పెట్టడంతోనే మొదలైపోతుంది.

కొత్త సంవత్సరం 'రోష్ హషానా' సెప్టెంబరు, అక్టోబరు మధ్య వస్తుంది. పొట్టేలు కొమ్ముతో చేసిన బూర ఊదుతారు. ఏడాదంతా తియ్యగా గడవాలని ఆపిల్ ముక్క తేనెలో ముంచుకుని తింటారు. మన ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటే వీళ్లు తీపి ఒక్కదానితో సరిపెట్టుకుంటారన్నమాట!

పదో రోజు 'యోం కిప్పూర్'. దాదాపు పాతిక గంటలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అంతకన్నా కష్టమైన పని ఇంకోటి ఉంది. దేవుడికి చేసిన తప్పుకు దేవుణ్ని క్షమాపణ అడగొచ్చు. సాటిమనిషికి చేసిన తప్పుకు మాత్రం ముందు ఆ మనిషి దగ్గరికే వెళ్లాలి. పక్కింటివాడితో గట్టు తగాదా పెట్టుకుని గుళ్లో కొబ్బరికాయ కొడితే చాలదన్నమాట.

శీతకాలంలో వచ్చే 'హనుక్కా' మన దీపావళికి దగ్గర. ఎనిమిది రాత్రులు దీపాలు పెడతారు. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు... అలా ఎనిమిదో రాత్రికి ఎనిమిది. నూనెతో ముడిపడిన పండగ కాబట్టి వంటలన్నీ నూనెలో వేగాల్సిందే. పిల్లల చేతిలో చిల్లర నాణేలు పెట్టడం ఆనవాయితీ. పండగ పూట తాతయ్య జేబు తడిమే మనవలు ఏ దేశంలోనైనా ఒకటే.

పర్ణశాలల పండుగ

వీటన్నిట్లో తెలుగు పల్లెకు ఇట్టే అతికిపోయేది 'సుక్కోత్'. తెలుగు బైబిల్లో దీనికి పెట్టిన పేరు ఎంత అందమైందో... పర్ణశాలల పండుగ! ఆ మాట వింటే రాముడు, సీత, భద్రాచలం దగ్గర్లోని పర్ణశాల కళ్లముందు మెదులుతాయి. ఇక్కడా వనవాసపు కథే. ఐగుప్తులో బానిసత్వం వదిలించుకున్నాక నలభై ఏళ్లు ఎడారిలో గుడారాల్లో తిరిగిన రోజుల్ని మరిచిపోకుండా, పున్నమి నాడు మొదలుపెట్టి ఏడు రోజులు ఆకుల పందిట్లో భోంచేస్తారు. వీలైనవాళ్లు అక్కడే పడుకుంటారు.

ఆ పందిరికి కొన్ని లెక్కలున్నాయి. కప్పు నేలలో మొలిచినదానితోనే వెయ్యాలి. రేకు, పెంకు పనికిరావు. నీడ ఎక్కువుండాలి, ఎండ తక్కువుండాలి. అలాగని మరీ దట్టంగా కప్పకూడదు. రాత్రి తల పైకెత్తితే సందుల్లోంచి చుక్కలు కనిపించాలి. లండన్లోనో న్యూయార్క్‌లోనో ఉన్నవాళ్లు ఆ కప్పు కోసం వెదురుచాపలు కొనుక్కోవాలి. చేబ్రోలు పక్కనుండేవాళ్లకు తాటాకు, కొబ్బరి మట్ట, వెదురు... అన్నీ చేతికందే దూరంలోనే. పందిరి వెయ్యడం ఈ చేతులకు ఒకరు నేర్పాలా? పెళ్లికి, చావుకి, దేవుడి ఊరేగింపుకి ఊరందరి పందిళ్లూ వేసిన కష్టజీవుల చేతులే కదా!

ఇందులో ఇంకో మెలిక ఉంది. మిద్దె ఉన్నవాడైనా సరే ఆ ఏడు రోజులు పాకలోకి దిగాలి. ఏడాదంతా పాకలో ఉండేవాడికి ఆ వారం ఎవరి ముందూ తల దించుకునే పనుండదు.

పళ్లాలు మార్చుకున్న పేదలు

హోలీ వచ్చే రోజుల్లోనే చాలా ఏళ్లు వచ్చే పండగ 'పూరీం'. పారశీక రాజు కొలువులో ఓ మంత్రి యూదులందర్నీ చంపించడానికి ముహూర్తం పెట్టిస్తే, రాణి ఎస్తేరు అడ్డుపడి కాపాడిన కథ ఇది. ఎస్తేరు గ్రంథం మొదట్లోనే ఆ రాజు ఏలుబడి ఎంతవరకో చెబుతూ హిందూదేశం పేరొస్తుంది. మనకు ఆ పండగతో ఉన్న చుట్టరికం అంత పాతది. పూరీం నాడు పిల్లలు వేషాలు కడతారు. ఎస్తేరు కథ చదువుతుంటే చెడ్డమంత్రి హామాను పేరు వచ్చినప్పుడల్లా గిలకలు తిప్పి, కాళ్లు నేలకేసి కొట్టి గోలగోల చేస్తారు.

కానుకలకు మాత్రం కచ్చితమైన లెక్క. కనీసం ఒక స్నేహితుడికి రెండు రకాల తినుబండారాలు పంపాలి. కనీసం ఇద్దరు పేదలకు ఏదైనా ఇవ్వాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. అడుక్కుని బతికేవాడైనా సరే, వచ్చినదాంట్లోంచి ఇంకొకరికి ఇవ్వాల్సిందే.

లేనివాడు ఎలా ఇస్తాడు? ఈ అనుమానం పాతకాలం పండితులకూ వచ్చింది. దానికి జవాబుగా తల్మూదు ఇద్దరు పండితుల సంగతి చెబుతుంది. వాళ్లు పూరీం నాడు ఒకరి భోజనం ఒకరితో మార్చుకునేవారట. పెద్దలు దాన్నిలా విప్పి చెప్పారు: ఇద్దరి దగ్గరా ఉన్నది ఒక్కపూట తిండే. వీడి పళ్లెం వాడి ఇంటికి, వాడి పళ్లెం వీడి ఇంటికి వెళ్లింది. ఇద్దరికీ కడుపు నిండింది. ఇద్దరూ ఇచ్చినవాళ్లే అయ్యారు, పుచ్చుకున్నవాళ్లే అయ్యారు.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ ఇంకో మాట తేల్చి చెప్పాడు. సొంత విందుకూ స్నేహితుల కానుకలకూ పెట్టే ఖర్చు కంటే పేదలకు ఇచ్చేదాన్ని పెంచుకోవడమే మేలన్నాడు. కానుకల పెట్టెల మీద రంగు కాగితాలు చుట్టడంలోనే పండగ అయిపోతున్న ఈ రోజుల్లో ఎవరైనా ఓసారి ఆగి ఆలోచించాల్సిన మాట.

'ధర్మం చెయ్యండి బాబూ!'

హీబ్రూలో దానానికి వాడే మాట 'త్సెదకా'. దాని మూలంలో ఉన్న అర్థం న్యాయం. జాలితో వేసేది వేరు, న్యాయంగా చెల్లించాల్సింది వేరు. ఈ తేడా తెలుగువాళ్లకు కొత్తేం కాదు. రైల్లో బిచ్చగాడు ఏమని అడుగుతాడు? 'దయ చూపించండి' అనడం కంటే 'ధర్మం చెయ్యండి బాబూ' అనే ఎక్కువ అంటాడు. నీ దగ్గరున్నదాంట్లో నాకూ ఓ వాటా ఉంది, అది ఇవ్వడం నీ ధర్మం అని ఆ పిలుపులో ఉన్న అర్థం. త్సెదకా కూడా సరిగ్గా అదే.

ఆ ధర్మం పండగ పండక్కీ ఓ రూపం తొడుక్కుంటుంది. వసంతంలో వచ్చే పస్కాకు ముందు 'గోధుమల డబ్బు' పోగుచేస్తారు. ఏ ఇంటా పండగ రొట్టెకు లోటు రాకూడదని. పస్కా రాత్రి పులియని రొట్టె తింటారు. ఐగుప్తు నుంచి బయల్దేరే తొందర్లో పిండి పులిసే తీరిక లేకపోయిందన్న గుర్తుకది. మన చపాతీలాగా నీళ్లూ పిండీ కలిపి, పొంగకముందే కాల్చేస్తారు. ద్రాక్షసారా దొరకని చోట మనదేశపు యూదులు ఎండుద్రాక్ష నానబెట్టి, పిండి, ఆ షర్బత్తుతోనే పండగ కానిచ్చేవారు. ఆ రాత్రి భోజనం మొదలుపెట్టేముందు ఆకలితో ఉన్న ఎవరైనా వచ్చి తినొచ్చని ఆహ్వానం పలకాలి. ఆ తర్వాత ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లాడు లేచి 'ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటి?' అని అడుగుతాడు. పెద్దలు బానిసత్వం కథ, విడుదల కథ చెబుతారు. దాచిపెట్టిన రొట్టెముక్క వెతికి తెచ్చిన పిల్లలకు బహుమతి. వెట్టి అంటే ఏమిటో తాతల నోట విన్న పిల్లలకు ఆ కథ ఎక్కడో ఎడారిలో జరిగినట్టు ఉండదు.

పస్కా అయిన ఏడు వారాలకు 'షవుయోత్'. తెలుగు బైబిలు దీన్ని వారముల పండుగ అంది. ఆ రోజు చదివేది రూతు కథ. పెనిమిటి పోయిన పరాయిదేశపు పిల్ల, అత్తగారి కడుపు నింపడానికి ఆసామి చేలో పరిగె ఏరుకుంటుంది. చేను కోసేటప్పుడు మూలలు వదిలెయ్యాలి, రాలిన కంకులు తిరిగి ఏరుకోకూడదు, అవి పేదలవి, పరదేశులవి అని యూదుల ధర్మశాస్త్రం. పరిగె! ఈ మాటకు పట్నంలో పెరిగినవాళ్లు నిఘంటువు వెతుక్కోవాలేమో. డెల్టాలో వరికోతలకు వెళ్లే కూలి ఆడవాళ్లకు మాత్రం దాని బరువు ఒడికే తెలుసు. రూతు కథలో ఆసామి పక్షాన కాకుండా, పరిగె ఏరుకునే చేతి పక్షాన నిలబడి పండగ చేసుకునేవాళ్లు ఈ పల్లెలో ఉన్నారు.

బండి కట్టి బయల్దేరితే

పస్కా, పర్ణశాలల పండుగ... రెండూ వారం రోజుల పండగలు. మొదటి రోజు, ఆఖరి రోజు నిష్ఠగా గడిపేస్తే మధ్య రోజుల్లో పిల్లలతో షికార్లకు పోవచ్చు. ఇజ్రాయెల్లో ఆ రోజుల్లో పార్కులు, తీరాలు కిటకిటలాడతాయి.

మనదేశంలోనూ యూదుల షికార్లకు పెద్ద పేరున్న చోటు ఒకటుంది. మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర ఖండాలా అనే ఊళ్లో ఓ బండరాయి. ఏలీయా ప్రవక్త అక్కడికి వచ్చి వెళ్లాడని 'బెనె ఇజ్రాయెల్' యూదుల నమ్మకం. వీళ్లు కొంకణ తీరంలో శతాబ్దాలుగా గానుగాడుకుని బతికినవాళ్లు. శనివారం గానుగ ఆపేసేవారు కాబట్టి ఊళ్లోవాళ్లు వాళ్లకు 'శనివారపు తేలీలు' అని పేరు పెట్టారు. చెట్ల పండగ నాడు కుటుంబాలన్నీ ఆ రాయి దగ్గరికి చేరతాయి. నైవేద్యం ఏమిటనుకున్నారు? నానబెట్టిన అటుకులు, కొబ్బరికోరు, బెల్లం, పళ్లు! 'మలీదా' అంటారు. కృష్ణాష్టమికి అటుకులు బెల్లం కలిపే ఏ తెలుగు అమ్మకైనా చెయ్యి తిరిగిన వంటే.

ఒక రోజు కూలి

ఇదంతా వినడానికి బాగుంది. చెయ్యడానికి ఖరీదెంత?

షబ్బాత్ అంటే శనివారం పని మానాలి. నెలజీతం వచ్చేవాడికి అది సెలవు. రోజుకూలికి అది ఒక రోజు తిండి. మిరపకోతలు, వరికోతలు మంచి ఊపుమీదున్నప్పుడు మేస్త్రీ శనివారం అని ఆగడు. నెలకు నాలుగు శనివారాలు, వాటి మీద పండగలు. పొయ్యిమీదకు ఏం వస్తుందన్న ప్రశ్న ప్రతి శుక్రవారం సాయంత్రం దీపంతో పాటే వెలుగుతుంది. కొందరు మానగలరు, కొందరు మానలేరు. మానలేనివాళ్లను తప్పుపట్టే హక్కు కడుపునిండినవాళ్లకు లేదు.

రెండో చిక్కు కాగితాలది. మణిపూర్, మిజోరంలలోని 'బ్నే మెనాషె' వాళ్లను తప్పిపోయిన గోత్రపు వారసులుగా 2005లో ఇజ్రాయెల్ ప్రధాన మతగురువుల్లో ఒకరు ఒప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్లలో వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. యోసేపు పెద్దకొడుకు పేరు చెప్పుకున్నవాళ్లకు తెరుచుకున్న తలుపు చిన్నకొడుకు పేరు చెప్పుకున్న తెలుగువాళ్లకు తెరుచుకోలేదు. ఇటు మనదేశంలో చూస్తే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఆ తర్వాతి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. యూదుడినని రాసుకున్న మాదిగ ఆ జాబితాలో నిలవడు.

అయినా పున్నమి వచ్చేసరికి పందిరి వేసేవాళ్లు వేస్తారు. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పిల్లాడు లేచి 'ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటి?' అని అడుగుతాడు. తరతరాలుగా ఒకరి వాకిట్లో ఆఖరి పంక్తి కోసం కాచుకున్న ఇంట్లోంచి, తన సొంత పండగ పళ్లెం పక్కింటికి వెళ్తుంది. గుర్తింపు పత్రం ఇంకా రాకపోయినా, ఇచ్చే చేయి మాత్రం వచ్చేసింది.

మళ్లీ ఉద్దానానికి...

గుంటూరులో తిరుగు రైలెక్కి పలాసలో దిగితే మళ్లీ అదే జీడిపప్పు వాసన, అవే కొబ్బరితోటలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ పలాస దగ్గరే తీరం దాటింది. తాతలు నాటిన కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు ఒక్కరాత్రిలో నేలకొరిగాయి. ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ఆ ఏడాది యూదుల పర్ణశాలల పండుగ ముగిసి అప్పటికి పది రోజులు. ప్రపంచమంతా యూదులు ఇల్లు శాశ్వతం కాదని గుర్తుచేసుకోవడానికి ఆకుల పందిట్లో ఓ వారం కూర్చుని లేచారు. ఆ వెంటనే ఉద్దానం జనం కప్పులేని ఇంట్లో పడుకుని నిజంగానే చుక్కలు చూశారు.

ఆ పాఠం తెలిసిన నేల కాబట్టే ఉద్దానంలో కొబ్బరి కమ్మల పాక ముందు నిలబడి కొత్తరెడ్డిపాలెం పందిరి గురించి చెబితే కొత్తగా అనిపించదు. హరిశ్చంద్రుడు ఇవ్వడానికి రాజ్యముంది. కూలివాడు ఇవ్వడానికి ఒక్క పళ్లెమే ఉంది. ఈసారి సంక్రాంతికి సంచితో దిగేవాళ్లు హరిశ్చంద్రపురం బోర్డు దగ్గర ఓ క్షణం ఆగి, ఆ సంచిలో పక్కింటికి ఏముందో చూసుకుంటే చాలు.

వెళ్లాలంటే...

* పలాస నుంచి ఫలక్‌నుమా, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లు గుంటూరు మీదుగా వెళ్తాయి. గుంటూరు నుంచి పొన్నూరు వైపు వెళ్లే బస్సెక్కి చేబ్రోలులో దిగాలి. కొత్తరెడ్డిపాలెం ఆ పక్కనే.

* అది పర్యాటక కేంద్రం కాదు, జనం ఉండే వాడ. మందిరం చూడాలంటే పెద్దలను అడిగి వెళ్లడం మర్యాద. మగవాళ్లు తలమీద టోపీయో రుమాలో వేసుకోవాలి.

* శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం రాత్రి వరకు షబ్బాత్. ఆ సమయంలో డబ్బు ఇవ్వబోవడం, ఫొటోలు తియ్యడం యూదు ఆచారానికి విరుద్ధం.

* చేబ్రోలులో బ్రహ్మ ఆలయం చూసుకుని, పిల్లలుంటే బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి వెళ్లి సాయంత్రం గడపొచ్చు.